పెద్ద తూటాయా, చిన్న తూటాయా? – సరిహద్దు పల్లెలు కూడా వేయవలసిన లెక్క

పావగడ తాలూకా ప్రజలకు 2005 ఫిబ్రవరి 10వ తేదీ రాత్రిని ప్రత్యేకంగా గుర్తు చేయవలసిన అవసరం లేదు. వెంకటమ్మనహళ్ళి పాఠశాలలో విడిది చేసిన కర్ణాటక రాష్ట్ర రిజర్వు పోలీసు దళంపై నక్సలైట్లు దాడి జరిపి పలువురు జవానులను, వారితోపాటు ఒక సామాన్య పౌరుని బలిగొన్నారు. అంతకు నాలుగు రోజుల ముందు, ఫిబ్రవరి 6న, చిక్కమగళూరు జిల్లాలో పోలీసు కాల్పులలో మావోయిస్టు నాయకుడు సాకేత్ రాజన్ మరణించిన సంగతి పాఠకులకు విదితమే. మలెనాడు అడవులలో మొదలైన పోరు వేరుశనగ పండే మన మెట్ట పొలాల నడుమ నెత్తురు చిందించి వెళ్ళింది.

ఇటువంటి దాడి జరిగిన ప్రతిసారీ ఊరి రచ్చకట్టపైనా, శాసనసభలోనూ ఒకే మాట వినిపిస్తుంది. మన పోలీసుల చేతిలో పాత తుపాకి, ఎదుటివారి చేతిలో కొత్త తుపాకి, అందుకే ఇంత నష్టం జరిగిందన్నది ఆ మాట. అందులో కొంత నిజమున్నది. అయితే కొత్త తుపాకి అంటే ఏది? దూరం పోయి గట్టిగా తాకే పెద్ద తూటా వేసేదా, ఎక్కువ సంఖ్యలో మోసుకొని పోగల చిన్న తూటా వేసేదా? మన దేశ సైన్యం ఈ ప్రశ్నకు గత అరవై ఏళ్ళలో మూడు నాలుగు వేర్వేరు సమాధానాలు చెప్పింది. అమెరికా వంటి దేశం కూడా ఒకసారి చెప్పిన సమాధానాన్ని మళ్ళీ మార్చుకొన్నది.

ఈ విషయం సైన్యాధికారులు తేల్చుకోవలసినది, పల్లెవాసులకు దీనితో ఏమి పని అని కొందరు అనవచ్చు. రెండు కారణాల వలన పని ఉన్నది. మొదటిది, ఆ తుపాకిని భుజాన మోసేవారు మన ఇళ్ళ నుండి వెళ్ళిన బిడ్డలే. సైన్యంలోను, కేంద్ర బలగాలలోను, రెండు రాష్ట్రాల రిజర్వు పోలీసులోను చేరేది పావగడ, మడకశిర, కళ్యాణదుర్గం వంటి మెట్ట ప్రాంతాల యువకులే. రెండవది, గురి తప్పిన గుండు ఆగేది మన ఇంటి గోడ వద్దనే, ఒక్కొక్కసారి అక్కడ కూడా ఆగదు.

తూటాలో ఏమున్నది?

తూటా అంటే కేవలం గుండు కాదు. ఇత్తడి తొడుగు, దాని నిండా మందు, మందుకు నిప్పు అంటించే చిన్న టోపీ, పైన అమర్చిన గుండు, ఈ నాలుగూ కలిస్తేనే తూటా. పంట కాపలాకు నాటు తుపాకి వాడిన పెద్దలకు ఇందులోని సూత్రం తెలిసినదే. మందు ఎక్కువ కూరితే గుండు దూరం పోతుంది, కాని తుపాకి భుజాన్ని గట్టిగా తన్నుతుంది, రెండవ వేటుకు గురి కుదరదు. మందు తగ్గిస్తే చేతికి సుఖం, కాని అడవి పంది తప్పించుకుంటుంది. యుద్ధ తుపాకి ఎంపికలోని చిక్కు కూడా ఇదే.

తూటా పేరులో రెండు అంకెలు ఉంటాయి. ఉదాహరణకు 7.62×51 అంటే గుండు వ్యాసం 7.62 మిల్లీమీటర్లు, ఇత్తడి తొడుగు పొడవు 51 మిల్లీమీటర్లు. మొదటి అంకెను మాత్రమే చూసి మోసపోరాదు. ఏకే-47 తూటా కూడా 7.62 మిల్లీమీటర్లదే, కాని దాని తొడుగు పొడవు 39 మిల్లీమీటర్లు మాత్రమే. తొడుగు చిన్నదైతే మందు తక్కువ, మందు తక్కువైతే వేగమూ శక్తీ తక్కువ. ఒక తుపాకి తూటా మరొక దానిలో పట్టదు. మనవారు "త్రీ నాట్ త్రీ" అని పిలిచే తుపాకి పేరు కూడా ఇటువంటి కొలతయే. అంగుళంలో వేయింట 303 వంతులు, అనగా సుమారు 7.7 మిల్లీమీటర్లు.

ఇక శక్తి విషయం. గొట్టం నుండి వెలువడినప్పుడు 7.62×51 గుండు బరువు సుమారు తొమ్మిదిన్నర గ్రాములు, వేగం సెకనుకు సుమారు 840 మీటర్లు, శక్తి సుమారు 3,300 జౌళ్ళు. ఏకే గుండు బరువు సుమారు 8 గ్రాములు, వేగం సుమారు 715 మీటర్లు, శక్తి సుమారు 2,000 జౌళ్ళు. ఇన్సాస్ తుపాకిలో వాడే 5.56×45 గుండు బరువు 4 గ్రాములే, అయితే వేగం 900 మీటర్లకు పైమాట, శక్తి సుమారు 1,700 జౌళ్ళు. కాగితంపై చూస్తే మొదటిదే ఉత్తమమని ఎవరైనా అంటారు. కాని కాగితం మోసేది కాదు, మోసేది మనిషి.

ఐదు కిలోల లెక్క

ఒక జవాను తూటాల కొరకు ఐదు కిలోల బరువు కేటాయించుకున్నాడనుకొందాం. 7.62×51 తూటా ఒక్కొక్కటి సుమారు 24 గ్రాములు, కనుక ఐదు కిలోలకు సుమారు 200 తూటాలు వస్తాయి. ఏకే తూటా సుమారు 16 గ్రాములు, కనుక సుమారు 300 వస్తాయి. 5.56 తూటా సుమారు 12 గ్రాములు, కనుక 400కు పైగా వస్తాయి. మ్యాగజైన్ల బరువు ఈ లెక్కలో చేర్చలేదు. ఒకే బరువుకు ఒకనికి 200 అవకాశాలు, మరొకనికి 400 అవకాశాలు. నీళ్ళు, తిండి, వైర్‌లెస్ సెట్టు, రక్షణ కవచం అదనం.

రెండవ ప్రపంచ యుద్ధానంతరం పలు దేశాలు జరిపిన అధ్యయనాలు ఒక విషయం తేల్చాయి. పదాతి దళాల రైఫిలు కాల్పులలో అత్యధికం 300 మీటర్ల లోపునే ఫలిస్తాయి. అంతకు మించిన దూరంలో శత్రువు కనబడడమే అరుదు, కనబడినా తగలడం మరింత అరుదు. అటువంటప్పుడు 800 మీటర్ల దూరానికి తగిన తూటాను ప్రతి జవాను ఎందుకు మోయాలన్న ప్రశ్న పుట్టింది. చిన్న తూటా వాదానికి పునాది ఇదే. చిన్న తూటా భుజాన్ని తక్కువగా తన్నుతుంది, కొత్తగా చేరిన కానిస్టేబులుకు కూడా గురి త్వరగా కుదురుతుంది, రెండవ గుండు మొదటి గుండు తగిలిన చోటికి దగ్గరగా పోతుంది.

పెద్ద తూటా వాదానికి కూడా బలమైన ఆధారాలున్నాయి. గాలికి చిన్న గుండు త్వరగా దారి తప్పుతుంది. చెట్టు కొమ్మ, కంప, పలుచని గోడ అడ్డు వస్తే దాని శక్తి ఎక్కువగా హరించుకుపోతుంది. కొండ నుండి కొండకు కాల్చవలసిన చోట దాని దూరం చాలదు. రెండు వాదాలూ నిజమే. ఏ వాదం ఎక్కడ నిజమన్నదే అసలు ప్రశ్న.

త్రీ నాట్ త్రీ నుండి ఇన్సాస్ వరకు

1962లో చైనాతో యుద్ధం జరిగినప్పుడు మన జవానుల చేతిలో ఉన్నది ప్రధానంగా త్రీ నాట్ త్రీ రైఫిలే. పది తూటాల మ్యాగజైన్, ప్రతి గుండుకూ చేతితో బోల్టు లాగవలసిన పద్ధతి. తూటా శక్తిలో ఆ రైఫిలుకు లోటు లేదు, లోటు కాల్చే వేగంలో ఉన్నది. ఆ యుద్ధానంతరం ఇచ్ఛాపూర్ కర్మాగారంలో తయారైన ఎస్ఎల్ఆర్ సైన్యంలో ప్రవేశించింది. అది 7.62×51 తూటా వేస్తుంది, ఇరవై తూటాల మ్యాగజైన్, మీట నొక్కిన ప్రతిసారీ ఒక గుండు. 1971 యుద్ధం నాటికి అదే మన పదాతి దళం ప్రధానాయుధం.

1987లో శ్రీలంకకు వెళ్ళిన శాంతి పరిరక్షక దళం మరొక పాఠం నేర్చుకొన్నది. పొదలు దట్టంగా ఉన్న చోట, అతి సమీపం నుండి ఏకే రకం తుపాకులతో వరుసగా కాల్పులు జరుపుతున్న ఎల్టీటీఈ ముందు పొడవైన, బరువైన ఎస్ఎల్ఆర్ ఇబ్బంది పెట్టింది. తూటా పెద్దదే, కాని పోరు జరిగిన దూరం చిన్నది. తత్ఫలితంగా తూర్పు యూరప్ దేశాల నుండి ఏకే రకం తుపాకులు దిగుమతి అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1989లో కె.ఎస్.వ్యాస్ నేతృత్వంలో ఏర్పడిన గ్రేహౌండ్స్ దళం కూడా అడవి పోరుకు ఏకేలనే ఎంచుకొన్నది.

సైన్యం మాత్రం 5.56 తూటా వైపు మొగ్గింది. 1990ల చివరలో ఇన్సాస్ రైఫిలు వచ్చింది. చిన్న తూటాకు అనుకూలంగా అప్పట్లో ఒక వాదం ప్రచారంలో ఉండేది. శత్రు సైనికుడు గాయపడితే అతనిని మోయడానికి మరో ఇద్దరు అవసరమవుతారు, కనుక చంపడం కంటె గాయపరచడం లాభమని ఆ వాదం. రెండు దేశాల సైన్యాలు తలపడే యుద్ధానికి అది వర్తించవచ్చు. కాశ్మీరులో ప్రాణానికి తెగించి వచ్చిన మిలిటెంటు విషయంలో ఆ లెక్క తప్పింది. గాయపడినవాడు కూడా కాల్పులు కొనసాగించగలడు, అతనిని మోసుకుపోయేవారు ఎవరూ రారు.

1999 కార్గిల్ యుద్ధంలో ఇన్సాస్ మరొక విధంగా నిరాశపరచింది. మంచు ప్రాంతపు చలికి ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయని, తుపాకి మొరాయించిందని ఫిర్యాదులు వచ్చాయి. 2005లో నేపాల్‌లో మావోయిస్టులు కాలికోట్ జిల్లాలోని సైనిక శిబిరంపై దాడి చేసినప్పుడు, భారత్ సరఫరా చేసిన ఇన్సాస్‌లు సరిగా పనిచేయలేదని ఆ దేశ సైన్యం ఆరోపించింది. ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. ఈ ఫిర్యాదులలో అధిక భాగం తుపాకి తయారీకి, నిర్వహణకు సంబంధించినవి, తూటా పరిమాణానికి సంబంధించినవి కావు. కాని ప్రజల నోట రెండూ కలిసిపోయి, చిన్న తూటాయే పనికిరానిదన్న అభిప్రాయం స్థిరపడింది.

అమెరికాకు కూడా ఇటువంటి అనుభవమే ఉన్నది. వియత్నాం యుద్ధంలో 7.62 తూటా వేసే ఎం-14 స్థానంలో 5.56 తూటా వేసే ఎం-16 తెచ్చారు. తొలి ఏళ్ళలో ఆ కొత్త తుపాకి పోరు మధ్యలో ఇరుక్కుపోయి సైనికుల ప్రాణాలు తీసింది. తూటాలో మందు రకం మార్చడం, శుభ్రపరచే సామగ్రి సరిగా ఇవ్వకపోవడం ప్రధాన కారణాలని 1967లో జరిగిన అమెరికా కాంగ్రెస్ విచారణ బయటపెట్టింది. ఆ లోపాలు సరిదిద్దిన తరువాత అదే తూటా అర్ధ శతాబ్దానికి పైగా ఆ సైన్యానికి ప్రధానమైనదిగా నిలిచింది.

మళ్ళీ పెద్ద తూటా వైపు

మన సైన్యం 2011లో ఒక మధ్యేమార్గం వెదికింది. గొట్టం మార్చుకొంటే 5.56 తూటా, 7.62×39 తూటా రెండూ వేయగల తుపాకి కొరకు టెండరు పిలిచింది. ఒకే తుపాకి అన్ని పనులకూ సరిపోవాలన్న ఆ ప్రయత్నం ఫలించలేదు, 2015లో టెండరు రద్దయింది. నాలుగేళ్ళ కాలం గడిచిపోయింది, జవాను చేతిలో ఇన్సాస్ అలాగే ఉండిపోయింది.

2019 ఫిబ్రవరిలో అమెరికా సంస్థ నుండి 72,400 సిగ్-716 రైఫిళ్ళకు ఆర్డరు ఇచ్చారు. అవి 7.62×51 తూటా వేస్తాయి. 2024 ఆగస్టులో మరో 73,000 కొనుగోలుకు ఒప్పందం కుదిరింది. నియంత్రణ రేఖ వద్ద, లడఖ్ వంటి ఎత్తయిన విశాల ప్రదేశాలలో శత్రువు దూరంగా ఉంటాడు, చలికోటు పైన కవచం కూడా ధరించి ఉంటాడు, కనుక అక్కడ పెద్ద తూటా సమంజసమే. మరోవైపు 2021 డిసెంబరులో రష్యాతో ఏకే-203 తుపాకుల తయారీకి ఒప్పందం జరిగింది. ఉత్తరప్రదేశ్‌లోని అమేఠీ జిల్లా కోర్వా కర్మాగారంలో ఆరు లక్షలకు పైగా తయారు చేయాలన్నది లక్ష్యం. దీని తూటా 7.62×39, అంటే మధ్యస్థం.

ఈ విధంగా ఒకే సైన్యంలో మూడు రకాల తూటాలు ప్రవేశించాయి. ముందు వరుసలో కొందరికి పెద్దది, అధిక సంఖ్యాకులకు మధ్యస్థం, ఇన్సాస్ ఉన్నవారికి చిన్నది. పనిని బట్టి పనిముట్టు అన్న సూత్రం ఇందులో ఉన్నది. పారతో చేయవలసిన పనికి గునపం వాడము కదా. అయితే మూడు రకాల తూటాలను మూడు లెక్కలలో తయారు చేసి, నిలువ చేసి, సరైన తుపాకి దగ్గరకు సరైన పెట్టెను చేర్చే భారం కూడా మూడింతలవుతుంది. పోరు మధ్యలో పక్కవాని మ్యాగజైన్ తీసుకొని తన తుపాకికి పెట్టుకొనే వీలు రకాలు పెరిగే కొద్దీ తగ్గుతుంది.

అమెరికా సైన్యం కూడా 2022 ఏప్రిల్‌లో 6.8 మిల్లీమీటర్ల కొత్త తూటాను, దానికి తగిన రైఫిలును ఎంపిక చేసింది. ఆధునిక రక్షణ కవచాన్ని దూరం నుండి ఛేదించాలన్నది ఉద్దేశం. ఫలితమేమంటే, పాత తుపాకితో ఏడు మ్యాగజైన్లలో 210 తూటాలు మోసే సైనికుడు కొత్త దానితో ఏడు మ్యాగజైన్లలో 140 మాత్రమే మోయగలడు. మూడింట ఒక వంతు తగ్గింది. ఇది మంచి బేరమా కాదా అన్న చర్చ ఆ దేశంలోనే సాగుతూ వచ్చింది.

గోడకు ఆవల ఉన్నవారు

సైన్యానికి సరిపోయినది పోలీసుకు సరిపోవాలని లేదు. లడఖ్ కొండపై గురి తప్పిన గుండు రాతికి తగులుతుంది. మన పల్లెలో గురి తప్పిన గుండు ఎక్కడికి పోతుంది? 7.62×51 గుండు గాలిలో మూడు కిలోమీటర్లకు పైగా ప్రయాణించగలదు. ఒక ఇటుక మందం గల గోడ దానికి నమ్మదగిన అడ్డు కాదు, రేకుల కప్పు సంగతి చెప్పనవసరమే లేదు. 5.56 గుండు కూడా ప్రమాదకరమే, కాని గట్టి గోడకు తగిలినప్పుడు అది త్వరగా ముక్కలై బలం కోల్పోతుంది.

ఊరి నడుమ బందోబస్తు చేసే పోలీసుకు, కొండ అంచున కాపు వేసే సైనికునికి ఒకే తుపాకి ఇవ్వడం లెక్క తెలియని పని. ఊరిలో 100 మీటర్లకు మించి కాల్చే అవసరం ఎప్పుడో గాని రాదు. అక్కడ కావలసినది పొట్టి తుపాకి, చిన్న తూటా, ఒక్కొక్క గుండునే ఆచితూచి కాల్చే అలవాటు. ఈ అవసరం కొరకే పుణేలోని రక్షణ పరిశోధన సంస్థ 5.56×30 తూటాతో, 200 మీటర్ల పరిధికి సరిపోయే జేవీపీసీ అనే పొట్టి కార్బైన్‌ను రూపొందించింది. కొన్ని బలగాలు దానిని తీసుకొన్నాయి.

దీనికి భిన్నమైన ప్రమాదం కూడా ఉన్నది, దానిని విస్మరించరాదు. 2008 నవంబరు 26 రాత్రి ముంబయి ఛత్రపతి శివాజీ టెర్మినస్‌లో ఏకేలతో వచ్చిన ఉగ్రవాదులను పోలీసులు లాఠీలతో, త్రీ నాట్ త్రీలతో ఎదుర్కొన్నారు. వారి ధైర్యానికి లోటు లేదు. పెద్ద తూటా ఉన్నా ప్రతి గుండుకూ బోల్టు లాగవలసిన తుపాకి అక్కడ ఏ మాత్రం చాలలేదు. ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీ నాట్ త్రీకి అధికారికంగా వీడ్కోలు పలికినది 2020 గణతంత్ర దినోత్సవం నాడే. ఇంత ఆలస్యానికి మూల్యం చెల్లించినది కింది స్థాయి కానిస్టేబుళ్ళే.

దోచిన తుపాకి, దొరకని తూటా

తుపాకి ఎంపికలో ప్రభుత్వాలు అరుదుగా బహిరంగంగా చర్చించే అంశం మరొకటున్నది. మనం ఎంచుకొన్న తుపాకి రేపు ఎదుటివాని చేతిలోకి పోవచ్చు. 2004 ఫిబ్రవరి 6న ఒడిశాలోని కోరాపుట్ ఆయుధాగారంపైనా, 2008 ఫిబ్రవరిలో నయాగఢ్‌లోనూ నక్సలైట్లు దాడి చేసి వందలాది తుపాకులు ఎత్తుకుపోయారు. 2010 ఏప్రిల్ 6న ఛత్తీస్‌గఢ్‌లోని తాడిమెట్ల వద్ద 76 మంది జవానులు మరణించినప్పుడు వారి తుపాకులు కూడా దాడి చేసినవారి పాలయ్యాయి. ఆ పోరులో మావోయిస్టులకు ప్రధాన ఆయుధ సరఫరాదారు ప్రభుత్వమే అన్న చేదు మాట అప్పట్లో ఊరకే పుట్టలేదు.

అయితే తుపాకి దోచినంత సులభంగా తూటా దొరకదు. ఇందుకు కర్ణాటకలోనే నిదర్శనం ఉన్నది. 2025 జనవరి 8న ఆరుగురు మావోయిస్టులు బెంగళూరులో ముఖ్యమంత్రి ఎదుట లొంగిపోయారు. కొద్ది రోజులకు చిక్కమగళూరు జిల్లా కొప్ప తాలూకా అడవిలో వారి ఆయుధాలు దొరికాయి. అందులో ఒక ఏకే-56, మూడు త్రీ నాట్ త్రీలు, ఒక పన్నెండు బోరు తుపాకి, ఒక నాటు పిస్తోలు ఉన్నట్లు పోలీసులు ప్రకటించారు. త్రీ నాట్ త్రీ తూటాలు 133 దొరకగా, ఏకే తూటాలు పదకొండు మాత్రమే దొరికాయి. వరుసగా కాల్చగల తుపాకికి పదకొండు తూటాలంటే కొద్ది క్షణాల పని. బలమైన తుపాకి ఉన్నా తూటా లేకపోతే అది ఇనుప కర్రతో సమానం.

ఈ లెక్క ప్రభుత్వ బలగాలకు కూడా వర్తిస్తుంది. కొత్త తుపాకి కొన్నామని ప్రకటించడం తేలిక. ఆ తుపాకితో ప్రతి జవాను ఏటా తగినన్ని తూటాలు కాల్చి సాధన చేశాడా అన్న ప్రశ్నకు సమాధానం అంత తేలికగా దొరకదు. పెద్ద తూటా ఖరీదు ఎక్కువ, తన్ను ఎక్కువ, అందువలన సాధన తగ్గే ప్రమాదం ఎక్కువ. సాధన లేని వాని చేతిలో పెద్ద తూటా శత్రువు కంటె పొరుగువానికే ప్రమాదకరం.

వెంకటమ్మనహళ్ళి చెప్పేదేమిటి?

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాం. వెంకటమ్మనహళ్ళిలో దాడి జరిగినది రాత్రి వేళ, విడిదిపై, సమీపం నుండి. చీకటిలో వంద మీటర్ల అవతల మనిషి ఆనడు. అటువంటి చోట 800 మీటర్లు పోయే తూటా ఉన్నా, 300 మీటర్లు పోయే తూటా ఉన్నా ఫలితంలో గొప్ప తేడా ఉండదు. విడిది చుట్టూ ఇసుక మూటల అడ్డు, వెలుతురు, కంచె, మెలకువగా ఉండే పహరా, ఆపద వేళ పక్క ఠాణాకు క్షణాలలో చేరే వైర్‌లెస్ కబురు, ఇవి తేడా తెస్తాయి. గ్రేహౌండ్స్‌కు పేరు తెచ్చినది కూడా ఏకే తుపాకి ఒక్కటే కాదు. కఠిన శిక్షణ, చిన్న దళాలు, అడవి ఎరిగిన నడక, ముందస్తు సమాచారం, వీటి తరువాతనే తుపాకి.

పాఠశాలలో పోలీసు విడిది పెట్టడం గురించి వేరే చెప్పవలసి ఉన్నది. బడి గోడలు గుండ్లను ఆపడానికి కట్టినవి కావు. బడి చుట్టూ ఇళ్ళుంటాయి, తెల్లవారితే పిల్లలు వస్తారు. అక్కడ ఇరువైపులా ఎంత పెద్ద తూటా వాడితే ఊరికి అంత కీడు. 2011లో సుప్రీంకోర్టు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వాన్ని పాఠశాలల నుండి, వసతి గృహాల నుండి బలగాలను ఖాళీ చేయించవలసిందిగా ఆదేశించింది. ఆ ఆదేశం వెనుక ఉన్న న్యాయం పావగడకు కూడా వర్తిస్తుంది.

నేడు తిరుమణి చుట్టుపట్ల వేల ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వెలసింది. నక్సలైట్ల కదలికలు వినిపించిన దారులలో ఇప్పుడు విద్యుత్ తీగలు సాగుతున్నాయి. ఉద్యమం చల్లబడింది కదా, ఇక ఈ ప్రస్తావన ఎందుకని కొందరు భావించవచ్చు. తుపాకి ఎంపికపై ఆలోచించవలసినది కాల్పులు లేని రోజులలోనే. దాడి జరిగిన మరునాడు ఆవేశంలో కొన్న ఆయుధం పాతికేళ్ళు పోలీసు భుజంపై ఉంటుంది.

కనుక ఈ ప్రాంత ప్రజలు తమ ప్రతినిధులను అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. మా ఊరి బందోబస్తుకు వచ్చే పోలీసుకు ఊరికి తగిన పొట్టి తుపాకి ఇచ్చారా, లేక సైన్యం వదిలేసిన పొడవాటి రైఫిలు అంటగట్టారా? దళంలో దూరపు గురికి శిక్షణ పొందిన ఒకరిద్దరికి మాత్రమే పెద్ద తూటా తుపాకి ఇచ్చే ఏర్పాటు ఉన్నదా? ఏటా ఒక్కొక్క జవాను ఎన్ని తూటాలతో సాధన చేస్తున్నాడు? ఆయుధాగారంలో ప్రతి తూటాకూ లెక్క ఉన్నదా? విడిది బడిలోనా, బడికి దూరంగానా? ఈ ప్రశ్నలకు సైనిక రహస్యమన్న సమాధానం చెల్లదు. ఇవి పంచాయతీ స్థాయిలో కూడా అడగదగినవే.

తూటా పరిమాణంపై వాదోపవాదాలు ఇక ముందు కూడా సాగుతూనే ఉంటాయి. సైన్యం ఒకసారి పెద్దదాని వైపు, మరొకసారి చిన్నదాని వైపు మొగ్గుతుంది. ప్రతి మార్పుకూ తగిన కారణం ఉంటుంది. కాని తుపాకి పట్టిన బిడ్డ క్షేమంగా ఇంటికి రావాలన్నా, అతడు కాల్చిన గుండు మరొక ఇంటి బిడ్డకు తగలకూడదన్నా, తూటా కొలతకు ముందు చూడవలసినవి మూడున్నాయి. ఎక్కడ నిలబెట్టారు, ఎంత నేర్పారు, పక్కన ఎవరున్నారు. ఈ మూడింటికీ సరైన సమాధానం ఉన్న చోట ఏ తూటా అయినా కొంత మేలు చేస్తుంది. లేని చోట ఎంతటి తూటా అయినా కాపాడలేదు.